పసుపు తాగిన పెట్టె

“లైను పోయింది,” అన్నాడు ధనరాజు మళ్లీ. పెట్టె పక్కనున్న పిడిని ఇంకోసారి గిరగిరా తిప్పి చూపించాడు. “చూడండి అన్నయ్యా. ముల్లు సున్నా మీద పడుకుని లేవనంటోంది.”

గడపలో కూర్చున్న సన్యాసిరావు పెట్టె వంక చూడలేదు. నోట్లో చుట్ట తీసి నేలకు రాసి ఆర్పాడు.

“నిన్న సందేళ ఈ తీగ మీదే కొత్తవీధి ఆపీసోళ్లతో నానే మాటాడినాను. పక్కింట్లోంచి మాటాడినట్టే ఇనిపించింది. రేతిరి వానా లేదు, గాలీ లేదు. లైనెలాగ పోతాది?”

“మాట వినపడడం వేరు, లైను బాగుండడం వేరు. చెవికి అందని జబ్బు పెట్టెకి తెలుస్తుంది. తీగకి ఎక్కడైనా నేల తగిలితే ముల్లు సున్నాకి పడుతుంది, లేకపోతే ఆ కొసకి లేస్తుంది. అందుకే గదా దీన్ని దొరల సీమ నుంచి తెప్పించారు.”

“అయితే నా సెవి అబద్దమాడతన్నాది.”

“నేనలా అనలేదు.”

“మరేటన్నావు?”

ధనరాజు ముల్లు మీద అద్దాన్ని పంచె కొంగుతో తుడిచాడు. ఆ తుడవడంలోనే జవాబుంది. సన్యాసిరావుకు అది అర్థమైంది.

వంటింటి తలుపు వెనక నూకరత్నం చేతిలో గరిటతో తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. పొయ్యి మీద పప్పు అడుగంటుతోంది. వాసన తెలుస్తూనే ఉంది గాని కాలు కదలడం లేదు. ఆ ముల్లు ఎందుకు లేవడం లేదో ఈ ఇంట్లో తెలిసినది ఆమె ఒక్కతే.

పాడేరు తంతి ఆఫీసు వెనక ఒకే కప్పు కింద రెండు వాటాలు. ఒకదానిలో అక్క నూకరత్నం, రెండోదానిలో చెల్లెలు చిన్నమ్మలు. అక్క మొగుడు సన్యాసిరావు పాత లైన్‌మేను. మన్యం జ్వరాలు ఒంట్లో పెట్టుకునే ఈ కొండల్లో ప్రతి ఇనప స్తంభమూ ఎక్కి దిగినవాడు. చెల్లెలి మొగుడు ధనరాజు వాల్తేరులో తరిఫీదు పొంది, మొన్న వానల్లో ఈ టెస్టు పెట్టెను గుర్రం మీద పెట్టించుకుని వచ్చినవాడు. రేపు ఇన్‌స్పెక్టరుగారు వస్తారు. ఇద్దరిలో ఒకర్ని లైను మేస్త్రీని చేసి వెళతారు. రెండోవాడు ఇక జన్మంతా మొదటివాడు చెప్పిన స్తంభం ఎక్కాలి.

“రేపు ఆయన వచ్చేసరికి జబ్బు ఎక్కడుందో తేల్చకపోతే మన ఇద్దరికీ మాటే,” అన్నాడు ధనరాజు. “మీరు ఎలుగ్గొండ మలుపు దగ్గర స్తంభమెక్కి తీగ విడదీయండి. నేనిక్కణ్ణుంచి ఈ సగం చూస్తాను. జబ్బు ఇటుందో అటుందో తెలిసిపోతుంది.”

“నానెక్కాలి. నువ్విక్కడ కూకుని తిప్పాలి.”

“పెట్టె తిప్పడం మీకు రాదు గదా అన్నయ్యా.”

ఆ మాటలో తప్పేం లేదు. నిజమే, రాదు. కాని కొన్ని నిజాలు చెప్పిన తీరులో కారముంటుంది. సన్యాసిరావు లేచి తలపాగా చుట్టుకున్నాడు, మోకు భుజాన వేసుకున్నాడు.

ధనరాజు కూడా లేచాడు. ఈసారి గొంతులో డాబు లేదు. “ఒక్కమాట. ఈ పెట్టె తిప్పితే తీగలోకి వచ్చే దెబ్బ మామూలు బ్యాటరీ దెబ్బ కాదు. మీరు తీగ కొస నాలిక్కి ఆనించి చూస్తారే, ఆ పని మాత్రం చేయకండి. తీగ విడదీసి, కిందికి దిగి, భుజాన మోసుకెళ్లే లైను ఫోను తగిలించి ఇక్కడికి గంట కొట్టండి. ఆ గంట వినేదాకా నేను పిడి మీద చెయ్యెయ్యను. ఒట్టు.”

“నీ ఒట్టెందుకు, లైను బాగుందని నాకు తెలుసు. నీ పెట్టె పరువు తియ్యడానికెల్తన్నాను,” అన్నాడు సన్యాసిరావు. తీగ కింద పొదలు కొట్టే సుక్రు గొడ్డలి పట్టుకుని గుమ్మం దగ్గర కాచుకుని ఉన్నాడు. ఇద్దరూ కొండదారి పట్టారు.

ఎలుగ్గొండ మలుపంటే గంట నడక. అక్కడ స్తంభం లోయ అంచున ఉంటుంది. దానిమీంచి చూస్తే కింద గెడ్డ నీళ్లు తెల్లని దారంలా కనిపిస్తాయని సన్యాసిరావే ఓసారి పెళ్లానికి చెప్పాడు. చెప్పినప్పుడు నవ్వుతూనే చెప్పాడు.

పిలవాలనుకుంది నూకరత్నం. పిలిస్తే కారణం చెప్పాలి. కారణం చెల్లెలి ముందు చెప్పాలి.

“పప్పు మాడతన్నాదే,” అని తల్లి యర్రమ్మ కేక వేసింది. దసరాకని చోడవరం నుంచి వచ్చిందామె. వచ్చిన దగ్గర్నుంచీ ఏ కూతురి వాటాలో తినాలో తెలియక, చిన్నకూతురి వాటాలో తింటోంది.

నిన్నంతా అదే గొడవ. మధ్యాహ్నం భోజనాల్లో యర్రమ్మ మొదటి విస్తరి చిన్నల్లుడికి వేసింది. పెద్దల్లుడు ఎదురుగా కూర్చుని ఉండగా. సన్యాసిరావు “ఎవులికేస్తేనేటి, ఆకలి ఆకలే” అని నవ్వేశాడు. ఆ నవ్వే నూకరత్నం ఒళ్లు మండించింది. మొగుడికి లేని ఉడుకు పెళ్లాం పడాలంటే రెండు వంతులు పడాలి మరి.

సాయంత్రం ఆయుధపూజ. చిన్నమ్మలు పీట కడిగి ముగ్గేసి, నట్టనడుమ పెట్టెను పెట్టి, బంతిపూల దండ వేసింది. సన్యాసిరావు పటకారు, సుత్తి, మోకు పీట కింద మట్టినేల మీద ఉన్నాయి.

“పీట సిన్నదప్పా, అన్నీ పట్టవు,” అంది అక్కతో.

ఎత్తుకుని పెంచిన గుంట. దాని జడకు నూనె రాసిందీ తనే, వాల్తేరు సంబంధం అని విని, మొగుణ్ణి పోరి పోరి పంపి కుదిర్చిందీ తనే. ఇప్పుడది తన మొగుడి పటకారుకు పీట మీద జాగా లేదంటుంది.

ధనరాజు ముందే చెప్పాడు. “మూత తియ్యొద్దు వదినా. నీళ్లు అసలు తగలకూడదు. పైన బొట్టు పెట్టండి, చాలు.” అందరూ మోదకొండమ్మ గుడికి బయల్దేరారు. పెద్దముత్తయిదువ గనక పూజ ముగించే పని నూకరత్నానిది. ఇంట్లో ఆమె, ఆ పెట్టె మిగిలారు.

ఆమె మూత తీసింది. లోపల నల్లటి పలక, దానిమీద మెరిసే రెండు ఇత్తడి మరలు. చెంబులో పసుపునీళ్లు కొద్దిగా పోసింది. సరిపోలేదనిపించి ఇంకొంచెం పోసింది. ముద్ద పసుపు తీసి మరల చుట్టూ, మధ్య సందులో కూడా మెత్తించి, కుంకం పెట్టింది. మూతకు పూజ చేస్తే దేవుడికెలా అందుతుంది, లోపలికి చేయాలి గదా అని తనకు తనే చెప్పుకుంది. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ పెట్టెకు ఏదో ఒకటి కావాలి. ఏం కావాలో ఆమెకు తెలియదు. ఏదో ఒకటి.

ఇప్పుడు అయింది.

“మా ఆయన పెట్టె మాట నిజమైతే రేపు మేస్త్రీ ఆయనే,” అంటూ చిన్నమ్మలు వంటింట్లోకి వచ్చి పీట లాక్కుని కూర్చుంది. “బావని సూత్తే జాలేత్తాదప్పా. ఇంత వయసులో స్తంభాలెక్కడం. మేస్త్రీ అయితే ఈయన బావకి కింద పనే సెప్తారులే. నానడుగుతాను.”

“నువ్వడుగుతావు?”

“అడగొద్దా? అప్ప మొగుడు గదా.”

కళ్లలో నిప్పులు పోసుకున్నా ఇంత మంట ఉండదు. నూకరత్నం మాడిన పప్పు గిన్నె దించి నేల మీద ఠంగుమని పెట్టింది.

“నీ జాలి నీ కాడే ఉంచుకో. నీ మొగుడు కూకుని తిప్పుతాడు, నా మొగుడు లోయ మీద ఏలాడతాడు. దానికి మళ్లీ జాలేటి.”

“అదేటప్పా అలగంటావు? పనెవరిది ఆళ్లది. ఈయన పని మాత్తరం ఆటేటి? వాల్తేర్లో తరిఫీదప్పుడు ఓ కూలీ స్తంభం మీద తీగ పట్టుకునుండగా ఎవరో తెలీక పెట్టె తిప్పీసినారంట. దెబ్బ పెద్దది కాదంట. కాని ఒళ్లు జల్లుమని సెయ్యి వొదిలీసినాడంట. అంత ఎత్తు నించి పడ్డాడు. అందికే ఈయనకంత బయం, గంట, ఒట్టు అని.”

నూకరత్నం గుమ్మంలోంచి కొండదారి వైపు చూసింది.

ఆమెకు లెక్కలు రావు గాని ఇది అర్థమైంది. పెట్టె పాడైంది, లైను కాదు. ఇటు సగం చూసినా సున్నా అంటుంది, అటు సగం చూసినా సున్నా అంటుంది. ఎలుగ్గొండ స్తంభం తరవాత ఇంకో స్తంభం, దాని తరవాత ఇంకొకటి. లేని జబ్బు దొరికేదాకా ఈయన ఎక్కుతూనే ఉండాలి. మధ్యలో ఒక్కసారి గంట కొట్టడం అటుదిటైతే చాలు.

మింగలేకపోయింది, కక్కలేకపోయింది. కాసేపు పొయ్యిలో కట్టె సర్దింది. తీసింది. మళ్లీ సర్దింది. చివరికి గరిట పారేసి వరండాలోకి వెళ్లింది.

“మరిదీ, ఆయన్ని ఎనక్కి పిలిపించీ. లైనుకేం కాలేదు. పెట్టే పాడైపోనాది.”

ధనరాజు తలెత్తాడు. “మీకెవరు చెప్పారు?”

“నాకు తెలుసు.”

వెనకాలే వచ్చిన చిన్నమ్మలు పకపకా నవ్వింది. “బావ సెప్పమన్నాడేటి? ఆడలేక మద్దెలోడంట.”

“బావ సెప్పలేదు. నానే సేసినాను. నిన్న మూత తీసి పసుపునీళ్లు పోసినాను. లోపల పసుపు కూరినాను.”

నవ్వు ఆగింది. యర్రమ్మ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది. నూకరత్నం తలొంచుకుని తిట్ల కోసం కాచుకుంది. ఏ తిట్టయినా సరే, బేగి తిట్టి బేగి పిలిపిస్తే చాలు.

తిట్లు రాలేదు. చిన్నమ్మలు కళ్లు చిన్నవి చేసి చూసింది.

“అబద్దమాడతన్నావు.”

“ఏటి?”

“నువ్వలగ సెయ్యవు. దేవుడి కాడ అలగెవులు సేత్తారు? రేపు మా ఆయనకి పేరొత్తాదని, పెట్టె మీద నింద ఏత్తన్నావు. పెట్టె సెడ్డదని ఇన్‌స్పెక్టరుగారి సెవినెయ్యాలి, బావ సెవే గొప్పదనిపించాలి. అంతే గదా? నువ్వొచ్చిన దగ్గిర్నించి మమ్మల్ని సూసి ఓర్సుకోనేకపోతన్నావప్పా. నాకు తెలీదనుకున్నావేటి?”

“వొచ్చింది నువ్వు. నానిక్కడే ఉన్నాను,” అంది నూకరత్నం. ఇంతటి భయంలోనూ ఆ మాట అనకుండా ఉండలేకపోయింది.

“సూసినావా అమ్మా, ఎలగంతన్నాదో.”

యర్రమ్మ పెద్దకూతురి వైపు చూసింది. “ఓర్వలేనితనం మంచిది కాదే. సెల్లి గదా,” అంది మెల్లిగా.

అప్పుడు నూకరత్నానికి తెలిసింది. ఇన్నాళ్లూ తను కడుపులో దాచుకున్నానని అనుకున్నది ఎవరికీ దాగలేదు. చెంబు చప్పుడులో విన్నారు, వడ్డనలో చూశారు. అందుకే ఇవాళ తన నోట నిజం వచ్చినా అది అసూయలాగే వినిపిస్తోంది.

“నన్ను నమ్మొద్దు,” అంది ధనరాజుతో. “నువ్వీ పెట్టె తెచ్చిన రోజున మాకందరికీ సూపించినావు. తీగలేవీ లేకుండా ఉట్టి పెట్టె తిప్పితే ముల్లు ఆ కొసకి పోవాలన్నావు. పోకపోతే పెట్టెకే జబ్బన్నావు. రోజూ పొద్దున్న ముందది సూసుకున్నాకే పని అన్నావు. ఇయ్యాల సూసినావా?”

ధనరాజు మొహం మాడిపోయింది.

చూడలేదు. అది తరిఫీదులో మొదటి పాఠం. పొద్దున్న తీగలు బిగించేటప్పుడు మరల దగ్గర పసుపు మరక కనిపించినా, పైన పెట్టిన బొట్టు రాలిందనుకుని పైపైన తుడిచేశాడు. రేపు వచ్చే దొర ముందు లైను జబ్బు పట్టుకున్నాననిపించుకోవాలన్న తొందరలో ఉన్నవాడికి, పొద్దున్నే ముల్లు సున్నా మీద పడగానే పండగైంది. తోడల్లుడి చెవి ఓడిందనుకున్నాడు. ఆ సంతోషంలో పెట్టెను అనుమానించడం ఎవరికి గుర్తొస్తుంది? అసూయ ఆ ఇంట్లో ఒక్క నూకరత్నం సొత్తేం కాదు.

పెట్టె మూత పూర్తిగా తెరిచి వంగి చూశాడు. గోటితో గీకాడు. మరల మధ్య సందులోంచి తడితడి పసుపుముద్ద ఊడి వేలికి అంటుకుంది. ఆ వేలు పెళ్లానికి చూపించాడు.

చిన్నమ్మలు చూసింది.

“ఎందుకు సేసినావప్పా?” అంది అక్క వైపు తిరిగి.

“పీట మీద జాగా లేదన్నావు గదే.”

చిన్నమ్మలు గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

“ఆయన్ని పిలిపించు మరిదీ.”

“ఇప్పుడెవరు వెళ్లినా అందుకోలేరు వదినా. భయం లేదు. ఆయన దిగి గంట కొడతారు గదా, అప్పుడు చెప్పేద్దాం, లైను బాగుంది, ఇంటికొచ్చెయ్యండని. నేను తిప్పకపోతే ఆయనకేం కాదు. అసలు తడి పెట్టెకు కోరలుండవు. పొద్దున్నుంచీ దీని దెబ్బంతా ఈ పసుపే మింగేసింది.”

నూకరత్నం అప్పటికి ఊపిరి పీల్చుకుంది. సరే, పరువు పోయింది. పోనీ. రేపు మేస్త్రీ ఎవరైతేనేం. ఆయన మోకు భుజాన వేసుకుని తిరిగొస్తే మొదటి విస్తరి తనే వేస్తుంది.

ధనరాజుకు ఆ నిమ్మళం లేదు. పెట్టె పూర్తిగా చచ్చిందో, బతికే ఉందో తెలియాలి. సీమ నుంచి తెచ్చిన సామాను రేపు ఇన్‌స్పెక్టరుగారి ముందు సున్నా మీద పడుకుంటే మేస్త్రీ పని మాట దేవుడెరుగు, ఉన్న పనే పోతుంది. మరలు విప్పి తీగలు పక్కకు తీశాడు. పుల్లతో సందుల్లో పసుపు గీకాడు, పొడిగుడ్డతో తుడిచాడు, నోటితో ఊదబోయి ఊపిరిలోనూ తడి ఉంటుందని ఆగాడు. యర్రమ్మ కుంపట్లో నిప్పులు వేసి తెచ్చింది. పెట్టెను దగ్గరగా, మరీ దగ్గర కాకుండా పెట్టి, అటూ ఇటూ తిప్పుతూ ఆరబెట్టాడు. పసిబిడ్డకు స్నానం చేయించి ఒళ్లు ఆరబెట్టినంత నిదానంగా చేశాడా పని.

ఎండ వరండా మెట్లెక్కింది. గంట ఇంకా మోగలేదు.

“ఆలీసమైపోనాదేటి?” అంది నూకరత్నం.

“ఎక్కుతూ ఉంటారు,” అన్నాడతను పెట్టె మీంచి కళ్లు తిప్పకుండా. నల్లపలక మళ్లీ నిగనిగలాడుతోంది. సంతోషం పట్టలేక తీసిన మరలన్నీ ఎక్కడివక్కడ బిగించేశాడు. చేతులు అలవాటు ప్రకారం పోయాయి. “ఒలే చిన్నమ్మలూ, ఇలా రా. బతికిందో లేదో చూద్దువుగాని.”

చిన్నమ్మలు లేచి వచ్చింది. అక్క పక్కన కాకుండా మొగుడికి అటుపక్కన నిలబడింది.

ధనరాజు పిడి పట్టుకుని తిప్పాడు. ముల్లు కదిలింది. సున్నా మీంచి లేచి, పలక మీద గీతలన్నీ దాటుకుంటూ ఆ చివరికి వెళ్లి నిలబడింది.

“బతికింది,” అన్నాడు ధనరాజు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “చూడండి వదినా, కొసకి పోయింది. నా పెట్టె బాగుంది.” ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. చూసుకుని మురిసిపోతూ, ఇంకా జోరుగా తిప్పుతున్నాడు.

నూకరత్నం కూడా చూసింది. ముల్లును కాదు. అతను తెచ్చిన మొదటిరోజున ఈ పరీక్ష చేసినప్పుడు పెట్టె ఒంటరిగా బల్ల మీద ఉంది, చుట్టూ ఏమీ లేదు. ఇప్పుడు ఇత్తడి మర కింది నుంచి ఒక తీగ బయల్దేరి, వరండా గోడ పాకి, కిటికీ పైన చిల్లులోంచి బయటికి పోతోంది. ఎలుగ్గొండ వైపు.

“మరిదీ, ఆ తీగ...”

ఆమె మాట పూర్తికాకముందే ముల్లు పడిపోయింది. కొస మీంచి ఒక్కసారిగా సున్నా మీదికి. ఒక క్షణం అక్కడ గిలగిలలాడింది. తరవాత మళ్లీ లేచి, ఏమీ జరగనట్టు చివరికి వెళ్లి నిలబడింది.

ధనరాజు చెయ్యి పిడి మీంచి జారిపోయింది. మరనూ, మర కింద తను బిగించిన తీగనూ చూశాడు.

“ఏటయ్యింది?” అంది చిన్నమ్మలు. “బాగానే ఉన్నాది గదా, మళ్లీ లేసింది గదా. మద్దిలో ఎందుకు పడిపోనాది?”

ధనరాజు కిటికీ పైన చిల్లు వైపు చూశాడు. వాల్తేరు మాట పోయి పుట్టినూరి మాట వచ్చింది.

“అక్కడెవులో తీగ ముట్టుకున్నారు.”

“మరి మళ్లీ ఎందుకు లేసింది?” అంది చిన్నమ్మలు.

“వొదిలీసినారు,” అన్నాడు ధనరాజు.